ఐదింటికీ ఆరింటికీ చుట్టరికం ఉంది

ప్రశ్న: మాది చెన్నైలోని పెరంబూరు. జనం టి.నగర్ షాపింగుకు ఏ వేళకు బయలుదేరతారో అంచనా వేయడం నా ఇంజినీరింగ్ ప్రాజెక్టు. తెలిసినవాళ్లను అడిగి, రోజును గంటకో విభాగం చేసి, ఉన్నవాటిలో ఒక్కోదాన్ని ఎంచుకునే అవకాశమెంతో లెక్కగట్టే లాజిట్ మోడల్ నడిపితే పొంతన లేని అంకెలు వస్తున్నాయి. మ్యాప్స్ యాప్ చెప్పే సమయాలే వాడుకోకూడదా?

జవాబు: ఆరింటికి బయలుదేరితే టి.నగర్‌లోని ఉస్మాన్ రోడ్డుకు ఎంతసేపో మ్యాప్స్ చెబుతుంది. ఎండ చల్లబడితే తప్ప మీ అత్తయ్య గడప దాటరని దానికేం తెలుసు? ఆఫీసుకు చేరాల్సిన వేళ ఒకటుంటుంది, చీరల కొట్టుకు ఆ బెంగ లేదు. ఈ అంచనాలోని కష్టమంతా అక్కడే.

ముందు విభాగాలను ఐదారుకు కుదించండి. గంటకొకటైతే ఒక్కో గడిలో ఇద్దరు ముగ్గురికి మించి మిగలరు. అసలు చిక్కు లాజిట్‌లోనే ఉంది. ఐదింటికి రోడ్డు మూసేశారనుకోండి. అప్పుడు వెళ్లాల్సినవాళ్లు నాలుగింటికో ఆరింటికో వెళ్తారు. మామూలు లాజిట్ మాత్రం వాళ్లను అన్ని వేళలకూ వాటాల ప్రకారం పంచి, కొందరిని పొద్దున పదింటికే తోలేస్తుంది! పక్కపక్క వేళల చుట్టరికాన్ని లెక్కలోకి తీసుకునే ‘ఆర్డర్డ్ జీఈవీ’ (జనరలైజ్డ్ ఎక్స్‌ట్రీమ్ వాల్యూ) మోడల్‌ను 1987లో ఆర్థికవేత్త కెన్నెత్ స్మాల్ ప్రతిపాదించారు. మన ఐఐటీ మద్రాసులో చదివిన రవాణా పరిశోధకుడు చంద్ర భట్ 1998లో దాన్ని అచ్చంగా షాపింగ్ ప్రయాణాలకే వాడారు. వివరాలు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతానివి. ఏ వాహనం, ఏ వేళ అన్న రెండింటినీ కలిపి లెక్కగట్టారు. ఆ పత్రం చదవకుండా వైవాకు వెళ్లకండి.

ఎక్సెల్ దీనికి చాలదు. ఇలాంటి మోడళ్లను లెక్కగట్టే, పైథాన్‌లో నడిచే బయోజీమ్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఆర్డర్డ్ జీఈవీని అందులో ‘క్రాస్ నెస్టెడ్’ రూపంలో, అంటే ఒకే వేళ ఒకటికి మించిన గుంపుల్లో ఉండేలా, రాసుకోవచ్చు.

కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. మనిషి ఎంచుకున్న వేళకు పట్టిన సమయం ఒక్కటే రాసుకుంటారు. వదిలేసిన వేళలకు ఎంత పట్టేదో కూడా లేకపోతే, అతను దేన్ని కాదనుకున్నాడో మోడల్‌కు అర్థం కాదు. మ్యాప్స్ అక్కరకొచ్చేది ఇక్కడే. బయలుదేరే సమయం మారుస్తూ ప్రతి విభాగానికీ ఎంత పడుతుందో రాసుకోండి. కారుకు అది కనిష్ఠం, గరిష్ఠం అని రెండంకెలు చూపిస్తే రెండూ ఉంచండి, ఆ తేడాకు భయపడి వేళ మార్చుకునేవాళ్లూ ఉంటారు. సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి, పార్క్ స్టేషన్‌లో టి.నగర్ పక్కనున్న మాంబళానికి రైలెక్కేవాళ్ల లెక్క వేరుగా పెట్టండి. దీపావళి ముందరి వారాలను మాత్రం మిగతావాటితో కలపకండి. ఆ రోజుల్లో టి.నగర్‌లోని రంగనాథన్ వీధిలో మనం నడవక్కర్లేదు, జనమే మోసుకుపోతారు.