విండోస్‌కి వెళ్లగానే తెలుగు ఫైల్ ఎందుకు మొరాయిస్తోంది?

ప్రశ్న: సార్, బీటెక్ ప్రాజెక్టుకి పైథాన్‌లో వంటకాల యాప్ చేస్తున్నాం. బటన్ల మీద తెలుగు ప్రోగ్రాంలోనే రాశాం, వంటకాల పేర్లు వేరే టెక్స్ట్ ఫైల్లో పెట్టాం. నా లినక్స్ లాప్‌టాప్‌లో అంతా ఓకే. ఫ్రెండ్ విండోస్‌లో బటన్లు బానే వస్తున్నాయి, కానీ ఫైల్లో ‘ఆవకాయ’ ఒక్కటే ఉంచితే పిచ్చి అక్షరాలు, ‘పప్పు’, ‘పులుసు’ చేర్చగానే ఏకంగా డీకోడ్ ఎర్రర్! ఫాంట్ ప్రాబ్లమా?
– ఓ విద్యార్థిని, తణుకు

జవాబు: ఫాంట్ కాదమ్మా, బటన్ల మీద తెలుగు కనిపిస్తోందిగా. పైథాన్ 3 తన ప్రోగ్రాం ఫైల్ని ఏ సిస్టమ్‌లో అయినా యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని బైట్లనే అంకెలుగా దాచే పద్ధతి) లోనే చదువుతుంది, కానీ మీరు ఓపెన్ ఫంక్షన్‌తో తెరిచే ఫైల్‌కి ఎన్‌కోడింగ్ చెప్పకపోతే ఆ సిస్టమ్ డిఫాల్ట్ ఏదుంటే అది వాడేస్తుంది, మన దగ్గర విండోస్‌లో అది మామూలుగా 1252 అనే ఎన్‌కోడింగ్, ఇంగ్లీషు లాంటి భాషల కోసం చేసింది.

యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు. ‘ఆవకాయ’లోని బైట్లన్నిటికీ 1252లో ఏదో ఒక అక్షరం ఉంది, అందుకే తప్పుగా అయినా చదివేసింది. కానీ మన కొమ్ము చివరి బైట్ హెక్స్ లెక్కలో (0-9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా వాడే లెక్క) 81, పొల్లుది 8డీ, ఈ రెంటికీ 1252లో అసలు అక్షరమే లేదు. పప్పులో వొత్తు వెనక పొల్లుంది, పులుసులో మూడు కొమ్ములున్నాయి, ఇంకెక్కడ చదువుతుంది! నిజానికి ఎర్రర్ రావడమే నయం, పిచ్చి అక్షరాలతో చదివేసి డేటాబేస్‌లో సేవ్ చేస్తే అదే పెద్ద తలనొప్పి.

చదివేటప్పుడూ రాసేటప్పుడూ ప్రతి ఓపెన్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయండి, ఒక్కచోట కూడా వదలొద్దు. ఎక్కడ మర్చిపోయారో వెతకాలంటే పైథాన్ 3.10 నుంచి ‘వార్న్ డిఫాల్ట్ ఎన్‌కోడింగ్’ అనే ఎక్స్ ఆప్షన్ (రన్ చేసే కమాండ్‌లో -X తర్వాత రాసేది) ఉంది, దాంతో రన్ చేస్తే అదే పట్టిస్తుంది. ఫైల్ మొదట్లో కనబడని గుర్తేదో తగులుతోందంటే అది బామ్ (ఫైల్ ఎన్‌కోడింగ్‌ని సూచించే గుర్తు), చదివేటప్పుడు యూటీఎఫ్-8-సిగ్ అనండి చాలు.

ఇంకోటి, వీఎస్ కోడ్‌లో తెలుగు చెడిపోయి కనిపిస్తే దయచేసి సేవ్ కొట్టొద్దు, కింద కుడివైపు ఎన్‌కోడింగ్ పేరు నొక్కి ‘రీఓపెన్’ ఎంచుకుని యూటీఎఫ్-8 పెట్టండి. పిచ్చి అక్షరాలైతే చాలాసార్లు వెనక్కి తెచ్చుకోవచ్చు, ఫైల్లోనే అన్నీ ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిపోతే మాత్రం అక్కడ తెలుగు ఇక లేనట్టే, పాత కాపీ ఉంటే అందులోంచి తీసుకోండి.