దేనికి ఎదురు, దేనికి పక్క?

ప్రశ్న: దేవరకొండలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తాను. త్రికోణమితిలో ‘ఎదుటి భుజం’, ‘ఆసన్న భుజం’ అనగానే పిల్లలు తికమక పడుతున్నారు. అందుకని నిలువు గీతను లంబం అనీ, అడ్డగీతను భూమి అనీ చెప్పేస్తున్నాను. అలా చెప్పడం తప్పని తోటి టీచర్ అంటున్నారు. నిజమేనా? దీర్ఘచతురస్రంలో ఎదురెదురు మూలల్ని కలిపే గీతనూ, లంబకోణ త్రిభుజంలో పెద్ద భుజాన్నీ ఒకే పేరుతో ‘కర్ణం’ అనడమేమిటి? ‘కోణం కనుగొనుము’ అనాలా, ‘కోణం విలువ కనుగొనుము’ అనాలా?

సమాధానం: లంబం, భూమి అనే మాటల్లో తప్పేమీ లేదు. రెండూ పాత క్షేత్రగణితంలో ఉన్నవే. వైశాల్యం లెక్కల్లో ‘భూమి’, ‘ఎత్తు’ అని ఇప్పటికీ రాస్తున్నాం. కానీ అవి బొమ్మ ఎలా గీశారో చెప్పే మాటలు. ‘ఎదుటి’, ‘ఆసన్న’ అలా కాదు, మీరు ఏ కోణం దగ్గర నిలబడి చూస్తున్నారో చెప్తాయి. ఒకదాని చోట ఇంకోటి వాడితే లెక్క సగం దాకా బాగానే నడిచి అక్కడ దెబ్బతింటుంది.

పిల్లలకు వీధిలో కరెంటు స్తంభాన్నీ, దానికి కట్టిన స్టే వైరునూ చూపించండి. వైరును 6 మీటర్ల ఎత్తున కట్టి, స్తంభం మొదలుకు 4.5 మీటర్ల దూరంలో నేలలోకి దించారనుకుందాం. వైరు పొడవు 7.5 మీటర్లు. వైరు నేలను తాకేచోట కోణం కావాలంటే స్తంభం ఎదుటి భుజం, నేల మీది దూరం ఆసన్న భుజం. ఎదుటి భుజాన్ని కర్ణంతో, అంటే 6ను వైరు పొడవు 7.5తో భాగిస్తే సైన్ 0.8 వస్తుంది, కోణం సుమారు 53 డిగ్రీలు. ఇప్పుడు వైరు కట్టిన చోటికి, పైకి వెళ్లండి. అక్కడి కోణానికి నేల మీది దూరమే ఎదుటిది, స్తంభమేమో ఆసన్నం. సైన్ 0.6, కోణం సుమారు 37 డిగ్రీలు. ‘సైన్ అంటే లంబం బై కర్ణం’ అని బట్టీ పట్టినవాడు పైకోణానికీ 0.8 వేసి 53 డిగ్రీలే అంటాడు. 53, 53, 90 కలిపితే 196. త్రిభుజంలో 180 దాటకూడదని ఆ టెన్షన్‌లో ఎవరికి గుర్తుంటుంది!

కాబట్టి చిక్కు పదంలో లేదు, విభక్తిలో ఉంది. ‘ఎదురింటివాళ్లు’ అనగానే ఎవరింటికి ఎదురు అని అడుగుతాం కదా. ‘ఎదుటి భుజం’ అని ఒంటరిగా రాయనివ్వకండి. ‘A కోణానికి ఎదుటి భుజం’ అని ఆ ‘కి’తో సహా రాయించండి. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతి అనే లెక్కల పుస్తకంలోనూ ఈ జాగ్రత్త కనిపిస్తుంది. మీకు ఇష్టమైన భుజాన్ని బాహువు అనుకోండి, దానికి పోటీగా నిలిచే దిక్కున ఉన్న ఇంకో భుజం కోటి అవుతుంది అన్నాడు. నిలువు, అడ్డం ఊసే లేదు.

పైగా ఇంటర్‌కు వెళ్లాక లంబకోణం లేని త్రిభుజాలు వస్తాయి. అక్కడ కర్ణమే ఉండదు, ‘ఎదుటి’ మాత్రం ఉంటుంది. ఏ త్రిభుజంలోనైనా ప్రతి భుజాన్నీ దాని ఎదుటి కోణం సైన్‌తో భాగిస్తే ఒకే విలువ వస్తుంది. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతావన్నీ దాంతోనే దొరుకుతాయి. ఇప్పుడు ఆ మాట తప్పిస్తే అప్పుడు మళ్లీ మొదటి నుంచి నేర్పాలి.

‘ఆసన్న’ అనే మాట మీద మాత్రం నాకూ పెద్ద మక్కువ లేదు. ‘సమయం ఆసన్నమైంది’ అన్నప్పుడు తప్ప పిల్లలు దాన్ని వినరు. ‘పక్క భుజం’ అని చెప్పండి, పుస్తకంలో ఆసన్న అని ఉంటుందనీ చెప్పండి. కోణాన్ని తాకే భుజాలు రెండుంటాయి, అందులో కర్ణం కానిదే పక్క భుజం అని ఒక్కమాట జోడిస్తే చాలు. మన నల్లగొండ, పాలమూరు వైపు పక్కన అనడానికి ‘బాజుకు’ అంటాం కదా, అది ఫారసీ మాట, అసలు అర్థం చేయి. సంస్కృత బాహువుకు చుట్టమే. మరాఠీలో త్రిభుజం భుజాన్ని ఇప్పటికీ ‘బాజూ’ అనే అంటారు. ఇక నిజాం కాలంలో ఉర్దూలో లెక్కలు నేర్చినవారికి భుజం అంటే ‘జిలా’. అరబ్బీలో దానికి పక్కటెముక అనీ, పక్క అనీ అర్థాలు. నల్లగొండ జిల్లా అన్నప్పటి జిల్లా ఆ మాటే!

ఇక కర్ణం. ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీ ఎదురెదురు గోడల కొలతలు సరిచూసి, మూలమట్టం కుదిరిందో లేదో తేల్చుకోవడానికి మూల నుంచి మూలకు టేపు పట్టి ‘క్రాస్’ కొలుస్తాడు. 30 × 40 అడుగుల ప్లాటుకు అది 50 అడుగులు రావాలి. ఆ గీత దీర్ఘచతురస్రానికి కర్ణం. దాని వెంబడి కోస్తే వచ్చే రెండు లంబకోణ త్రిభుజాలకూ అదే కర్ణం. గీత ఒకటే అయినప్పుడు పేరు ఒకటే ఉండటంలో వింతేముంది? యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాల్లో బౌధాయనుడు కూడా ఈ భుజాల, కర్ణాల లెక్కను త్రిభుజంతో కాక, దీర్ఘచతురస్రంలో మూల నుంచి మూలకు పట్టిన తాడుతోనే చెప్పాడు. ఊళ్లో లెక్కలు రాసిన కర్ణంగారు వేరు, ఆయన్ని మన దగ్గర పట్వారీ అనేవారు.

చివరి సందేహానికి: ‘కోణం కనుక్కోండి’ అన్నా కొలత అడుగుతున్నారని తెలుస్తూనే ఉంది, తప్పు లేదు. విడమరిచి రాయాలంటే కోణానికి కొలత, భుజానికి పొడవు, సైన్, కాస్‌లకు విలువ అనండి. ‘కనుగొనుము’ పరీక్ష పేపర్లలో తప్ప ఇంకెక్కడా వినపడదు. బోర్డు మీద ‘కనుక్కోండి’ అనే రాయండి, పేపర్లో ఆ ‘ము’ కనిపిస్తే బెదరొద్దని ముందే చెప్పి ఉంచండి.