గ్యాస్ పైపులో పోతోంది, ఊరు సముద్రంలోకి పోతోంది

ప్రశ్న: మాది ఉప్పాడ పక్కన ఊరు. మా తాతల నాటి ఇల్లు సముద్రంలో కలిసిపోయింది, ఇప్పుడున్న ఇల్లు ఎన్నాళ్లుంటుందో తెలియదు. అదే సముద్రంలోంచి గ్యాస్ తీసి ఎక్కడికో పంపిస్తున్నారు. అమెరికాలో ఇలాంటి డబ్బులో తీరం ఊళ్లకు వాటా ఇస్తారని మా అబ్బాయి చెప్పాడు. నిజమేనా? మరి మనకెందుకు రాదు?
– ఒక పాఠకుడు, కాకినాడ జిల్లా

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. అయితే అక్కడ కూడా అది తేలిగ్గా రాలేదు, ఆ కథ తెలిస్తే మనం ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

అమెరికాలో తీరం నుంచి మూడు నాటికల్ మైళ్ల వరకు సముద్రం రాష్ట్రానిది (టెక్సాస్‌కు తొమ్మిది మైళ్లు), ఆ తర్వాతది కేంద్రానిది. పెద్ద బావులన్నీ ఆ తర్వాతే ఉంటాయి. భూమి మీద కేంద్రం స్థలంలో చమురు తీస్తే దాదాపు సగం రాష్ట్రానికి ఇస్తారు, సముద్రంలో తీస్తే మాత్రం తీర రాష్ట్రాలకు దక్కేది చాలా తక్కువగా ఉండేది. లూసియానా వాళ్లు ఏళ్ల తరబడి అడిగింది ఇదే: పైపులు మా చిత్తడి నేలల్లోంచి వేశారు, కాలువలు మా నేలలో తవ్వారు, మరి డబ్బు అంతా ఢిల్లీకి పోయినట్టు వాషింగ్టన్‌కు పోతే ఎలా అని. 1932 నుంచి 2016 మధ్య ఆ రాష్ట్రం దాదాపు 4,800 చదరపు కిలోమీటర్ల తీర భూమి పోగొట్టుకుంది. కారణం చమురు ఒక్కటే కాదు. మిసిసిపీ నదికి రెండు పక్కలా గట్లు కట్టడంతో ఒండ్రు మట్టి డెల్టాకు చేరడం ఆగిపోయింది. గోదావరి మట్టి ఆనకట్టల వెనక ఆగిపోవడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

2005లో కత్రినా తుఫాను వచ్చాక గానీ కేంద్రం కదల్లేదు. 2006 డిసెంబరులో చట్టం చేశారు. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చట్టం కిందికి వచ్చే లీజుల ఆదాయంలో 37.5 శాతం లూసియానా, టెక్సాస్, మిసిసిపీ, అలబామాలకు, మరో 12.5 శాతం దేశమంతటా పార్కులు, అడవుల కోసం ఉన్న నిధికి. నాకు ముఖ్యంగా నచ్చింది ఇది: రాష్ట్రం వాటాలో 20 శాతం నేరుగా తీర కౌంటీలకే వెళ్తుంది, రాజధాని చేతిలో పడదు. తీర రక్షణ, చిత్తడి నేలల పునరుద్ధరణ, చేపలకు, జంతుజాలానికి జరిగిన నష్టాన్ని సరిచేయడం లాంటి పనులకే వాడాలి, ఆఫీసు ఖర్చులు 3 శాతం దాటకూడదు. లూసియానా ప్రజలు ఇంకో అడుగు ముందుకేసి, ఆ చట్టం పూర్తి కాకముందే ఓటేసి తమ రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకున్నారు, ఈ డబ్బు తీరానికి తప్ప ఇంకెక్కడికీ మళ్లించకూడదని.

సరిపోతోందా అంటే లేదు. పెద్ద వాటా మొదలయ్యాక 2018లో నాలుగు రాష్ట్రాలకూ కలిపి వచ్చింది 18.8 కోట్ల డాలర్లు, అందులో లూసియానాకు 8 కోట్ల పైచిలుకు. ఆ రాష్ట్రం తీరాన్ని నిలబెట్టుకోవడానికి వేసుకున్న 50 ఏళ్ల ప్రణాళిక ఖర్చేమో 5,000 కోట్ల డాలర్లు! పైగా చమురు ధర పడితే వాటా కూడా పడుతుంది.

ఇక మన సంగతి. రాజ్యాంగంలోని 297వ అధికరణం ప్రకారం ప్రాదేశిక జలాల కింద ఉన్న ఖనిజాలు కూడా కేంద్రానివే, అంటే మీ ఇంటి ముందు అలల కింద ఉన్నది కూడా. కోనసీమలో పొలంలో తీసిన గ్యాస్‌కు రాష్ట్రానికి రాయల్టీ వస్తుంది, సముద్రంలో తీసిన దానికి రాదు. బొగ్గు, ఇనుము తవ్వే జిల్లాలకు 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది, కంపెనీలు రాయల్టీ మీద అదనంగా 10 లేదా 30 శాతం కట్టాలి. కానీ ఆ చట్టంలో 'ఖనిజం' అంటే చమురు, గ్యాస్ కాదు. అందుకే సింగరేణి ఊళ్లకు ఉన్న హక్కు ఉప్పాడకు లేదు. నాకు ఇది చాలా అన్యాయంగా అనిపిస్తుంది, ఎందుకంటే రాజ్యాంగం మార్చకుండానే పార్లమెంటు ఒక చట్టంతో తీర జిల్లాలకు అలాంటి నిధి పెట్టొచ్చు.

ప్రశ్న: వాటా అడిగితే తవ్వకాలకు ఒప్పుకున్నట్టే కదా? మాకు కావాల్సింది డబ్బు కాదు, చేపలు.
– ఒక పాఠకురాలు, యానాం

జవాబు: అమ్మా, మీ భయం సరైనదే. వాటాకు అలవాటు పడిన ప్రభుత్వం తవ్వకాలను ప్రశ్నించడం మానేస్తుంది, అది లూసియానాలోనూ ఉన్న ప్రమాదమే. 2010లో మెక్సికో గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ పేలి 11 మంది చనిపోయారు, నెలల తరబడి చమురు సముద్రంలోకి పోయింది, రొయ్యల వేట ఆగిపోయింది. ఏ వాటా అయినా దాన్ని పూడుస్తుందని నేను చెప్పను. కానీ బావులు ఇప్పటికే ఉన్నాయి. కోనసీమలో పైపులైన్ల వల్ల వేట పోయిన కుటుంబాలకు నెలకింత అని పరిహారం ఇచ్చారు. మంచిదే, కానీ అది ఇళ్లలో ఖర్చయిపోయే డబ్బు, దాంతో కోరింగ మడ అడవి ఒక్క ఎకరం పెరగదు. పరిహారం వేరు, సముద్రాన్ని బాగుచేసే నిధి వేరు, రెండూ అడగాలి.

ఇప్పుడే చేయగలిగింది ఒకటుంది. అన్వేషణ బావులకు 2020 నుంచి ప్రజాభిప్రాయ సేకరణ తీసేశారు, ఉత్పత్తి దశకు మాత్రం ఇంకా ఉంది. అక్కడికి వెళ్లినప్పుడు వద్దు, కావాలి అని మాత్రమే అనకండి. మడ అడవులకు, చేపలు గుడ్లు పెట్టే చోట్లకు ఏటా ఎంత ఖర్చు పెడతారు, ఏ పంచాయతీ ద్వారా పెడతారు అని అడగండి. సభ చివర అందరూ చెప్పినవి తెలుగులో చదివి వినిపించాలని నిబంధన ఉంది. మీరు అన్న మాట అందులో వినిపించేదాకా కుర్చీలోంచి లేవకండి.