టీం లీడ్ అయిన మేనకోడలికి

అమ్మాయ్,

మీ సాఫ్ట్‌వేర్ టీంలో అందరికీ పని బాగా వచ్చనీ, ఇంగ్లీషు దగ్గరే ఇబ్బందవుతోందనీ, వాళ్లను ఏ కోర్సులో చేర్పించాలో చెప్పమనీ రాశావు. కోర్సు సంగతి చివర్లో చూద్దాం. ముందు నష్టం ఎక్కడ జరుగుతోందో చూడు. మీటింగులో ఎవరైనా తడబడితేనో, గ్రామర్ తప్పితేనో పెద్దగా ఏమీ కాదు. ఎదుటివాళ్లు అక్కడికక్కడే అడిగి తెలుసుకుంటారు. అడగడానికి మనిషి దొరకనప్పుడే అసలు దెబ్బ. సాయంత్రం ఒకరు రాసిన టికెట్‌ను, అంటే చేయాల్సిన పనినో సమస్యనో నమోదు చేసిన చీటీని, వేరే ఖండంలో ఇంకొకరు తెరిచేసరికి రాసిన మనిషి నిద్రలో ఉంటారు. 'ఏ సర్వర్? ఏ వెర్షన్?' అని అవతలి నుంచి ప్రశ్న వస్తుంది. జవాబు వెళ్లేసరికి ఒక రోజు పోయింది. ఆ జవాబులోనూ స్పష్టత లేకపోతే ఇంకో రోజు. అరగంట పని కాస్తా మూడో రోజుకి చేరుతుంది. రిపోర్టులో మాత్రం దాన్ని ఎవరూ భాష ఖాతాలో వేయరు, 'డిపెండెన్సీ', అంటే వేరేవాళ్ల కోసం ఆగాం, అని రాసి ఊరుకుంటారు.

అందుకని నా లెక్కలో ఫ్లూయెన్సీకి కొలత ఒక్కటే: రాసినవాళ్లు పక్కన లేకపోయినా చదివినవాళ్లు సరైన పని చేయగలగాలి. యాస, పెద్ద పెద్ద పదాలు ఆ తర్వాత సంగతి.

చాలామంది మాట్లాడ్డం గురించి బెంగపడతారు గానీ, ఖరీదైన తప్పులు చదవడంలో జరుగుతాయి. ఇంటర్నెట్ ప్రమాణాలు ఆర్‌ఎఫ్‌సీలనే నంబరు వేసిన పత్రాల్లో ఉంటాయి కదా, వాటిలో మస్ట్, షుడ్, మే అనే మాటలకు కచ్చితమైన అర్థాలు ఏమిటో 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 నిర్ణయించింది. మస్ట్ అంటే తప్పదు. మే అంటే మీ ఇష్టం. షుడ్ ఈ రెండిటి మధ్యది: గట్టి కారణముంటే మానొచ్చు, కానీ మానితే ఏమవుతుందో పూర్తిగా ఆలోచించుకున్నాకే. పెద్ద అక్షరాల్లో ఉంటేనే వాటికి ఆ ప్రత్యేకార్థమని 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8174 స్పష్టం చేసింది.

ఇది ఎక్కడ కొంప ముంచుతుందో చూడు. వెబ్ నడిచే హెచ్‌టీటీపీ పద్ధతిలో పోస్ట్ రిక్వెస్టు, అంటే సర్వర్‌కి ఒక పని అప్పజెప్పే అభ్యర్థన, రెండుసార్లు వెళితే పని రెండుసార్లు జరగొచ్చు. అలాంటివాటిని క్లయింట్, అంటే పంపే ప్రోగ్రాం, తనంతట తాను మళ్లీ పంపడం గురించి ఆర్‌ఎఫ్‌సీ 9110 'షుడ్ నాట్' అని, ఆ వెంటనే 'అన్‌లెస్' అంటూ మినహాయింపు పెడుతుంది: రెండోసారి పంపినా ఇబ్బంది లేదనో, మొదటిది అసలు అమలు కాలేదనో తెలుసుకునే దారి ఉంటేనే పంపొచ్చని. మధ్యలో ఉండే ప్రాక్సీకైతే ఏకంగా 'మస్ట్ నాట్'. ఆ 'అన్‌లెస్' తర్వాతి భాగాన్ని పైపైన చదివినవాళ్లు రీట్రై ఆన్ చేసేస్తారు. అది చెల్లింపు రిక్వెస్టయితే కస్టమర్ ఖాతాలోంచి డబ్బు రెండుసార్లు పోతుంది. కోడ్ రివ్యూలో ఇది దొరకదు, ఎందుకంటే కోడ్ తప్పుగా లేదు, చదవడంలో తప్పు జరిగింది. కాబట్టి వారానికోసారి అరగంట పెట్టు. మీరు వాడే డాక్యుమెంటేషన్‌లోంచే ఒక పేజీ తీసుకుని, అన్‌లెస్, ఓన్లీ ఇఫ్, అట్ లీస్ట్, అప్ టు, ఈదర్ లాంటి మాటలున్న వాక్యాలు గీతగీసి, ఒక్కొక్కరి చేత దాని భావం తెలుగులో చెప్పించు. తెలుగులో చెప్పలేకపోయారంటే అర్థం కాలేదన్నమాటే.

ఇక రాయడం. తెలుగులో క్రియ చివరికొస్తుంది. మన కబురూ అలాగే నడుస్తుంది. ముందు పూర్వాపరాలన్నీ చెప్పి చివర్న అసలు సంగతికి వస్తాం. ఇంగ్లీషులో పని చేసేవాళ్లు మొదటి రెండు లైన్లు చూసి, తమకు సంబంధించిందో కాదో తేల్చేసుకుంటారు. మీ టీం మెసేజ్ ఇలా ఉంటుందనుకో: నిన్న రాత్రి కొత్త వెర్షన్ డిప్లాయ్ చేశాం, తర్వాత కొన్ని రిక్వెస్టులు నెమ్మదించాయి, లాగ్స్ (సర్వర్ రికార్డులు) చూశాం, డేటాబేస్ టీంతో మాట్లాడాం, వాళ్లు తమవైపు అంతా బాగుందన్నారు, ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్. తాంబూలాలిచ్చేశాం తన్నుకు చావండన్నట్టుంది కదూ! ఎవరేం చేయాలో అందులో లేదు. అదే విషయం ఇలా రాయించు: 'పేమెంట్ సర్వీస్ హాజ్ బీన్ స్లో సిన్స్ 14:00 యూటీసీ. ప్లీజ్ అప్రూవ్ ద రోల్‌బ్యాక్ టు వెర్షన్ 4.2 బై 16:00 యూటీసీ.' రోల్‌బ్యాక్ అంటే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడం, యూటీసీ అంటే అన్ని దేశాలకూ ఉమ్మడి ప్రామాణిక సమయం. కిందనే కారణం, చూసిన లాగ్స్, అప్పటికి చేసిన ప్రయత్నాలు. ఏమైంది, ఎవరు ఏం చేయాలి, ఎప్పటిలోగా అనే మూడూ మొదటి రెండు వాక్యాల్లో ఉండాలి. ఉత్త 'హాయ్' పంపి జవాబు కోసం కూర్చోవడం మాన్పించు. టైం జోన్లు కలవని చోట ఆ 'హాయ్' ఖరీదు ఒక రోజు.

వాక్యం పొడవు గురించి విమాన పరిశ్రమను చూసి నేర్చుకోవచ్చు. మరమ్మతు మాన్యువళ్ల కోసం వాళ్లు వాడే ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అనే ప్రమాణం ప్రకారం చేయాల్సిన పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు, వివరించే వాక్యం 25 దాటకూడదు. ఒక మాటకు ఒకే అర్థం. మీ రన్‌బుక్‌లకు, అంటే ఏ పని ఎలా చేయాలో వరుసగా చెప్పే సూచనల పత్రాలకు, ఇదే పెట్టేయ్. కోడ్‌లో మార్పు చేసినప్పుడు రాసే కమిట్ మెసేజ్‌కి, ఆ మార్పుల్ని భద్రపరిచే గిట్ వాళ్ల పద్ధతే చాలు: 50 అక్షరాల లోపు ఒక లైను, ఆజ్ఞాపూర్వకంగా, 'ఫిక్స్ టైమౌట్ ఇన్ లాగిన్' అన్నట్టు, ఒక ఖాళీ లైను, తర్వాత ఎందుకు మార్చామో. కోడ్‌లో కామెంట్లు ఇంగ్లీషులోనే రాయించు. మీ భాష రానివాళ్లు ఆ కోడ్ ఎప్పటికీ చదవరని 120 శాతం నమ్మకం ఉంటే తప్ప వేరే భాషలో కామెంట్లు వద్దని పైథాన్ స్టైల్ గైడ్ పెప్ 8 చమత్కారంగా చెబుతుంది.

మనవాళ్లు తరచూ తడబడే చోట్లు కొన్నున్నాయి, ఇవి ఏ కోర్సూ చెప్పదు. బిల్డ్, అంటే కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా తయారుచేయడం, గురించి 'డిడ్‌న్ట్ ద బిల్డ్ పాస్?' అని అడిగితే తెలుగులో 'అవును, అవలేదు' అంటాం. నోటికి అలవాటుగా 'యెస్' వచ్చేస్తుంది. అవతలివాళ్లు పాసైందనుకుంటారు. ఒంటి యెస్, నో ఎక్కడా వద్దు. 'ద బిల్డ్ ఫెయిల్డ్' అని పూర్తి వాక్యం చెప్పాలి. 'శుక్రవారం లోపు' అన్నచోట 'అన్‌టిల్ ఫ్రైడే' అంటే ఆ పని శుక్రవారం దాకా సాగుతూనే ఉంటుందని అర్థం. 'బై ఫ్రైడే' అనాలి. 'సాయంత్రానికి రివర్ట్ చేస్తా' అంటే మన ఉద్దేశం జవాబిస్తానని. గిట్‌లో అదే పేరుతో కమాండ్ ఉంది కాబట్టి, అవతలి డెవలపర్ తన కమిట్ వెనక్కి పోతోందని హడలిపోతాడు. 'ఐ విల్ రిప్లై' అంటే గొడవే లేదు. 'ఐ హావ్ ఎ డౌట్' అంటే మనకు ప్రశ్న ఉందని, వాళ్లకు నమ్మకం లేదని. 'ఐ విల్ ట్రై' అని మొహమాటానికి అనడం మరీ ప్రమాదం. కుదరనప్పుడు కుదరదనీ, ఎప్పటికి కుదురుతుందో అదీ చెప్పాలి. తేదీని 03/04 అని రాస్తే సగం మందికి మార్చి, సగం మందికి ఏప్రిల్. 2025-04-03 అనే ఐఎస్‌ఓ 8601 పద్ధతి పెట్టుకో.

ఫోనులో ఇంకో చిక్కు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, అందుకే ఇంగ్లీషు మాట చివరి హల్లుల్ని మింగేస్తుంటాం. 'డిప్లాయ్డ్' కాస్తా 'డిప్లాయ్' అవుతుంది, అయిపోయిన పని ఇంకా చేయాల్సిన పనిగా వినిపిస్తుంది. 'కాన్ట్' కూడా 'కెన్' లాగే వినపడుతుంది; 'కెనాట్' అని విడమరచి చెప్పించు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ కలిసిపోతాయి. 'వన్ ఫైవ్' అని అంకెలు విడివిడిగా చెప్పి చాట్‌లో కూడా వేయాలి. యాస మార్చుకోవాల్సిన పని లేదు. కొద్దిగా నెమ్మదిస్తే చాలు, సగం సమస్య అక్కడే తీరుతుంది. రోజూ పది నిమిషాలు ఎవరి పుల్ రిక్వెస్ట్ (తమ కోడ్ మార్పును కలుపుకోమని అడిగేది) వివరణ వాళ్లు పైకి చదివి, రికార్డు చేసి, మర్నాడు వినాలి. అదే రోజు వింటే తప్పులు చెవికెక్కవు.

సర్వీస్ పడిపోయినప్పటి కాల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1990 జనవరి 25న న్యూయార్క్‌లో దిగాల్సిన అవియాంకా 52 విమానం ఇంధనం అయిపోయి కూలిపోయింది, 73 మంది చనిపోయారు. ఎమర్జెన్సీ అని చెప్పమని కెప్టెన్ అన్నాడు. కో-పైలట్ రేడియోలో చెప్పింది మాత్రం 'వియార్ రన్నింగ్ అవుట్ ఆఫ్ ఫ్యూయెల్' అని. అది నిజమే, కానీ ఆ మాటకు కంట్రోలర్లు దారి ఖాళీ చేయరు. 'ఎమర్జెన్సీ' అన్న మాటకు చేస్తారు. మీకూ అలాంటి మాటలు ముందే ఖరారై ఉండాలి. తీవ్రత స్థాయి పేరు మొదట, దెబ్బతిన్నది ఏమిటో ఆ తర్వాత, మీకు కావలసిన సాయం చివర. 'కొంచెం ప్రాబ్లం ఉన్నట్టుంది' అనే మర్యాద ఆ కాల్‌లో పనికిరాదు. కాలాలు కూడా జాగ్రత్త: 'రీస్టార్టెడ్' అంటే అయిపోయింది, 'రీస్టార్టింగ్' అంటే నడుస్తోంది, 'విల్ రీస్టార్ట్' అంటే ఇంకా మొదలెట్టలేదు. ఒకరు రెండోది చెబితే ఇంకొకరు మొదటిదనుకుని యూజర్ల ట్రాఫిక్ వదిలేస్తారు. ఇలాంటి వాక్యాలు పది రాసి రన్‌బుక్ పైనే పెట్టు, చూసి చదివితే చాలు. తెల్లవారుజామున రెండింటికి ఎవరికీ వ్యాకరణం గుర్తుకు రాదు.

నువ్వు లీడ్‌వి కనుక నీకే వర్తించేదొకటి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ల మాట మీటింగులో చెల్లుతుంది. అసలు కారణం తెలిసినవాళ్లు వాక్యం కూర్చుకునేలోపు చర్చ ముందుకెళ్లిపోతుంది. దీనికి మందు క్లాసులు కాదు, మీటింగు నడిపే తీరు మార్చడం. చర్చించాల్సినదాన్ని ఒకరోజు ముందే పేజీన్నరలో రాయించు. మొదటి పది నిమిషాలు అందరూ చదవనీ. తర్వాత పేరు పెట్టి ఒక్కొక్కర్ని అడుగు, జవాబు చాట్‌లో రాసినా సరే. గంటలోపు నోట్స్ వెళ్లాలి: ఏం నిర్ణయించాం, ఎవరు చేస్తారు, ఏ తేదీకి. ఎవరి ఇంగ్లీషునూ నలుగురిలో దిద్దకు. ఒకసారి దిద్దించుకున్నవాళ్లు ఆ తర్వాత నోరు విప్పరు.

తెలుగును నిషేధించకు. ఇద్దరు కూర్చుని బగ్ వెతుకుతున్నప్పుడు సొంత భాషలోనే బుర్ర చురుగ్గా పనిచేస్తుంది. కాకపోతే తెలుగు రాని మనిషి ఒక్కరున్నా మాట ఇంగ్లీషులోకి మారాలి. తెలుగులో తేల్చుకున్న నిర్ణయం ఆ రోజే టికెట్‌లో ఇంగ్లీషులో పడాలి. లేకపోతే ఆరు నెలల తర్వాత ఎందుకలా చేశారో చెప్పేవాళ్లుండరు.

ఏఐ టూల్స్‌తో రాయించుకోవచ్చా అంటే, నిక్షేపంగా. గ్రామర్ సరిచేస్తాయి. కానీ నువ్వు చెప్పని వెర్షన్ నంబర్‌ను అవి తెచ్చిపెట్టలేవు, ఒక్కోసారి 'మే ఫెయిల్' అన్నది 'విల్ ఫెయిల్' అయి కూర్చుంటుంది. పంపేముందు అంకెలు, పేర్లు, నాట్ ఉన్న వాక్యాలు, ఈ మూడు సరిచూసుకోవాలి. కస్టమర్ వివరాలున్న లాగ్స్ మాత్రం కంపెనీ అనుమతి లేని చోట అతికించనివ్వకు.

ఇక కోర్సు. భాషా స్థాయిల్ని ఏ1 నుంచి సీ2 దాకా కొలిచే ఐరోపా పద్ధతి సీఈఎఫ్‌ఆర్‌లో బీ2 దాకా వస్తే చాలు. తన రంగంలోని సాంకేతిక చర్చల్ని అర్థం చేసుకోవడం ఆ స్థాయి నిర్వచనంలోనే ఉంది. అంతకు మించి పట్టుబట్టకు. చేర్పించే ముందు ఒక పని చెయ్: ఈమధ్య ముగిసిన టికెట్లు ఇరవై తీసి, ఎన్నిట్లో 'అంటే ఏమిటి?' అని ప్రశ్న తిరిగొచ్చిందో లెక్కపెట్టు. ప్రతిదాని పక్కన కారణం రాయి: వెర్షన్ లేదు, సమయం లేదు, ఎవరు చేయాలో లేదు, కాలం తప్పు, వాక్యం పొడవు. ఆ కాగితం పంతులు చేతిలో పెట్టి వీటి మీదే పాఠం చెప్పమను. వద్దు, మా సిలబస్ మాకుందంటే ఇంకో పంతుల్ని చూడు.

ఆశీస్సులతో,
మావయ్య