చచ్చిన ఫాల్ట్ అని రాసే ముందు

తమ్ముడికి ఆశీస్సులు.

ములుగు భూకంపం మీద నీ వ్యాసం చదివాను. 2024 డిసెంబర్ 4 పొద్దున హైదరాబాద్ దాకా జనం ఎలా ఉలిక్కిపడ్డారో బాగా రాశావు. కానీ "గోదావరి లోయలో ఫాల్టులు ఎప్పుడో చచ్చిపోయాయి, భయపడక్కర్లేదు" అన్న వాక్యానికి మాత్రం నా మనసొప్పలేదు. దాన్ని తీసెయ్.

ఫాల్ట్ అంటే భూమి లోపల రాళ్లు పగిలి, ఆ పగులు వెంట జారిన చోటు. అది చురుగ్గా ఉందో లేదో చెప్పాలంటే ముందు ఎన్నేళ్ల లెక్కో చెప్పాలి. కాలిఫోర్నియాలో రెండు భూఫలకాలు ఒరుసుకుంటూ ఏటా సెంటీమీటర్ల కొద్దీ జరుగుతాయి. అక్కడ గత 11 వేల ఏళ్లు చూస్తే చాలావరకు సరిపోతుంది. ఫలకాల అంచులకు దూరంగా ఉన్న మన దక్కన్‌లో ఒత్తిడి చాలా నిదానంగా పేరుకుంటుంది. ఒకసారి కదిలిన ఫాల్ట్ మళ్లీ కదలడానికి పదుల వేల ఏళ్లు పట్టొచ్చు. ఈలోగా వానలూ నాగళ్లూ దాని ఆనవాలు చెరిపేస్తాయి. అమెరికా అణు విద్యుత్ కేంద్రాల నిబంధనల్లో 35 వేల ఏళ్లలో ఒక్కసారి కదిలినా, 5 లక్షల ఏళ్లలో పదేపదే కదిలినా ఆ ఫాల్టును లెక్కలోకి తీసుకున్నారు.

ఆస్ట్రేలియా నడిమధ్యలోని టెనెంట్ క్రీక్ గురించి తప్పకుండా చదువు. 1988 జనవరి 22న పన్నెండు గంటల్లోపే మూడు పెద్ద భూకంపాలొచ్చి, ముప్పై కిలోమీటర్లకు పైగా నేల చీలింది. తర్వాత ఆ చీలికకు అడ్డంగా కందకాలు తవ్వి, పాత మట్టి పొరలు ఎక్కడైనా తెగి జారాయా అని చూశారు. అంతకుముందు పదుల వేల ఏళ్లలో అక్కడ నేల చీలిన గుర్తే దొరకలేదు. 11 వేల ఏళ్ల లెక్కన చూస్తే, ముందురోజు వరకూ అది చచ్చిన ఫాల్టే!

మహారాష్ట్రలో లాతూర్ దగ్గరి కిల్లారి మనకు పొరుగే. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున, వినాయక నిమజ్జనం చేసొచ్చి పడుకున్నవాళ్ల మీద రాళ్లూ మట్టీ కలిపి కట్టిన గోడలు కూలి దాదాపు 10 వేల మంది చనిపోయారు. అప్పటి భూకంప ప్రమాదాల మ్యాపులో ఆ ప్రాంతం అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్‌లో ఉంది. అంత ఘోరం జరిగినా నేల మీద కనిపించింది అక్కడక్కడా మీటరు లోపు ఎత్తున లేచిన గట్టు. కొన్నేళ్లు దున్నితే అదీ కనపడదు.

అందుకే "కదలలేదు" అని రాయకు. ఎక్కడ తవ్వారో, ఎన్నేళ్ల నాటి పొరల దాకా చూశారో శాస్త్రవేత్తలను అడిగి రాయి. తవ్వి చూడకపోతే ఆ మాటే రాయి. అలాగని మ్యాపులో ఉన్న ప్రతి ఫాల్ట్ గీతనూ చూపించి జనాన్ని టెన్షన్ పెట్టొద్దు. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం నీ వ్యాసంలో లేదు. అది చేర్చు. మట్టి గోడల ఇళ్ల గురించి ఒక పేరా పెంచి, అచ్చుకు ఇచ్చే ముందు నాకు పంపు.

ఇట్లు,
అన్న