భూసార పరీక్ష కార్డు వల్ల రైతుకు నిజంగా ఉపయోగం ఉందా?

ఉంది, మట్టి మీ చేనిదే అయితే. 2015 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన ఈ పథకంలో నత్రజని, భాస్వరం, పొటాష్, సేంద్రియ కర్బనం, జింక్, బోరాన్ సహా 12 అంశాలు చూస్తారు. చిక్కల్లా నమూనా దగ్గరే. నీటి వసతి ఉన్నచోట 2.5 హెక్టార్లకు, వర్షాధార భూముల్లో 10 హెక్టార్లకు ఒక్కటే తీయమన్నారు. అంటే మీ పేరున్న కార్డులో పక్కాయన మట్టి లెక్క ఉండొచ్చు!

అందుకే వేసవిలో, చేను ఖాళీగా ఉన్నప్పుడు మీరే తీసి ఇవ్వండి. గట్ల వెంట, చెట్ల నీడన, పెంట పోసిన చోట వద్దు. ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో 15 సెం.మీ. గుంట తీసి, దాని అంచును పైనుంచి కిందికి పలచగా చెక్కాలి. అంతా కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో ఇస్తే చాలు.

కర్బనం, అంటే కుళ్లిన ఆకు, పేడల నుంచి మట్టికి చేరే సారం, తక్కువని వస్తే యూరియాతో తీరదు. పచ్చిరొట్ట పైర్లు వేయాలి; జీలుగ, జనుము, పిల్లిపెసర విత్తనాలు వ్యవసాయ శాఖ రాయితీపై ఇస్తుంది. పైరు పూత దశలో ఉండగా మట్టిలో కలియదున్నాలి. ఆంధ్రప్రదేశ్‌లోనైతే ఇదే ఉద్దేశంతో ప్రభుత్వ రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కింద తొలకరికి ముందే నవధాన్యాలు చల్లిస్తోంది. నా మట్టుకు కార్డుకంటే ఇదే మేలు.