సీరియల్ పేజీ నడిపే మా మేనకోడలికి

పాపా,

విలన్ వేషం వేసే అమ్మాయి ఫొటో కింద బూతులు వచ్చాక, నీ ఇన్‌స్టాగ్రామ్ పేజీ మూసేయాలా, ఉంచాలా అని అడిగావు కదా. ఉంచు. మూసేస్తే అక్కడ బూతులు రాసేవాళ్లు రేపే ఇంకో పేజీకి పోతారు, వాళ్లకేం నష్టం లేదు. నీ పోస్ట్ కోసం రోజూ ఎదురుచూసే ఆడవాళ్లకే నష్టం. అయితే ఇప్పుడు నడుస్తున్నట్టే నడవనివ్వమని మాత్రం అనను. కొన్ని మానాలి, కొన్ని మొదలుపెట్టాలి. ఫోన్‌లో చెప్పి వదిలేసే సంగతి కాదు కాబట్టి ఇలా రాస్తున్నాను.

ముందు మీ నాన్న మాట. 'సీరియళ్ల పిచ్చి' అన్నాడని బాధపడ్డావట. వాడు నా తమ్ముడు, నాకు తెలుసు. 2008లో జెమినీలో 'మొగలిరేకులు' మొదలయ్యాక ఆ టైముకి కంచం పట్టుకుని టీవీ ముందుకి వచ్చి కూర్చునేవాడు. వాడికి కోపం సీరియల్ మీద కాదు, రాత్రి ఒంటిగంటకి కూడా నీ ఫోన్ వెలుగుతూ ఉండటం మీద. ఆ రెండూ వేరు చేసి చూడు. కథంటే ప్రాణం పెట్టడం మన సీమలో కొత్త కాదు. సురభి నాటకాలు పుట్టింది మన కడప జిల్లాలోని సురభి అనే ఊళ్లోనే, 1885లో. పద్యనాటకం ఆడుతుంటే జనం తెల్లవార్లూ కదలకుండా కూర్చునేవాళ్లు. పద్యం నచ్చితే 'వన్స్ మోర్' అని అరిచేవాళ్లు, నటుడు మళ్లీ ఎత్తుకునేవాడు. ఆ అరిచినవాడి ముఖం నటుడికి కనిపించేది, నటుడి ముఖం అతనికి కనిపించేది. ఎదురుగా మనిషి ఉన్నాడని నోరు కాస్త అదుపులో ఉండేది. నీ పేజీలో లేనిది అదే.

నీ పేజీకి ఎవరొస్తున్నారో నిదానంగా ఎప్పుడైనా చూశావా? నేను చూశాను. లైకులు ఎక్కువగా కాలేజీ పిల్లలవి. తప్పకుండా వచ్చేది మాత్రం కువైట్‌లో ఉన్న మన ఆడవాళ్లు. రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఇంటిపనికి వెళ్లినవాళ్లు. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. మనకు రాత్రి ఎనిమిదికి సీరియల్ వస్తే వాళ్లకు సాయంత్రం ఐదున్నర, యజమాని ఇంట్లో వంటపని మీద ఉంటారు. గిన్నెలు కడిగి, గదిలోకి వచ్చి నడుం వాల్చేసరికి మనకు అర్ధరాత్రి దాటిపోతుంది. అప్పుడు ఎపిసోడ్ చూసి, నీ పేజీలో 'ఆ అత్తకు ఎప్పుడు బుద్ధి వస్తుందో' అని ఒక్క ముక్క రాసి పడుకుంటారు. ఊళ్లో ఉంటే అది పక్కింటి అరుగు మీద కూర్చుని చెప్పుకునే మాట. అక్కడ చెప్పుకోవడానికి మనిషి లేదు. ఒకామె 'మా పాప కూడా ఇప్పుడు ఇదే చూస్తుంటుంది' అని రాసింది, గుర్తుందా? తల్లీకూతుళ్లు వేరే దేశాల్లో ఉండి ఒకే కథ చూస్తున్నారు. ఈ సోషల్ మీడియాని చూస్తే నాకు ఒక్కోసారి భయం, ఒక్కోసారి విసుగు. కానీ ఆమె మాట చదివాక దీన్ని పూర్తిగా తీసిపారేయడానికి మనసు రాలేదు.

అందుకే మొదట మార్చాల్సింది ఇది. డబ్బు కట్టి యాప్‌లో టీవీ కంటే ముందే చూసే నీ స్నేహితులు చెప్పగానే, మలుపు మొత్తం ఫొటో మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టేస్తున్నావు. పొద్దంతా పనిచేసి రాత్రి చూద్దామనుకున్న మనిషికి ఆ రోజు మిగిలే సంతోషం అదొక్కటే. మొదటి ఫొటోలో 'ఈరోజు ఎపిసోడ్' అని మాత్రమే ఉండాలి. సంగతి రెండో ఫొటోలో పెట్టు, కావాలనుకున్నవాళ్లు జరుపుకుని చూస్తారు. ముందుగా చెప్పినవాళ్లకి నాలుగు లైకులు ఎక్కువ వస్తాయని తెలుసు. వస్తే రానీ.

ఇక నీకు నిద్ర లేకుండా చేసిన సంగతి. విలన్ వేషం వేసే అమ్మాయి ఫొటో కింద మొన్న వచ్చిన రాతలన్నీ చదివాను. చదువుతుంటే ఒళ్లు మండింది. ఆమె తన పని బాగా చేసింది. బాగా చేసింది కాబట్టే జనానికి అంత కోపం వచ్చింది. ఆ కోపం పాత్ర మీద ఉన్నంతసేపు అది ఆమెకు మెప్పే. ఒంటి రంగు మీదికి, పెళ్లి మీదికి, కన్నవాళ్ల మీదికి పోయిందంటే అది మనిషిని కొట్టడమే. మన సీరియళ్లలో చాలామంది కన్నడ, మలయాళ అమ్మాయిలు. ఇల్లు వదిలి హైదరాబాద్ వచ్చి, రాని భాషలో పొద్దున్నుంచి రాత్రిదాకా షూటింగ్ చేస్తారు. మనకు వినిపించే గొంతు చాలాసార్లు డబ్బింగ్ చెప్పే ఇంకొకావిడది. కథ ఒకరిది, మాటలు ఇంకొకరివి. 'కార్తీకదీపం' హీరోయిన్ వంటలక్కని మన ఇంటి ఆడపడుచు అనుకున్నాం కదా, ఆ వేషం వేసిన ప్రేమి విశ్వనాథ్ కేరళ మనిషి. ఆ కథ కూడా మలయాళ సీరియల్ నుంచి వచ్చిందే, అక్కడా ఆ పాత్ర ఆమే వేసింది. ఇంతమంది కలిసి చేసిన పాత్ర మీద కోపం వస్తే, తెర మీద కనిపించిన ఒక్క అమ్మాయిని పట్టుకుని తిట్టడం ఏం న్యాయం?

నువ్వు తిట్టలేదు, నిజమే. కానీ పేజీ నీది. ఆ రాతలు ఎంతసేపు అక్కడ ఉంటాయన్నది నీ చేతుల్లో ఉంది. ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో కామెంట్లలో కనిపించకూడని మాటలు మనమే చేర్చుకోవచ్చు. ప్రతి బూతునీ తెలుగు అక్షరాల్లోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ చేర్చు, మనవాళ్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లోనే తిడతారు. ఒక్కో మాటకి మూడు నాలుగు స్పెల్లింగులు ఉంటాయి, అవన్నీ చేర్చు. ఒకసారి హెచ్చరించు, రెండోసారి బ్లాక్ చెయ్యి. మధ్యలో వాదన పెట్టుకోవద్దు. నువ్వు జవాబిచ్చేకొద్దీ ఆ పోస్ట్ ఇంకా పదిమంది ముందుకి పోతుంది. నటీనటుల్ని మెచ్చుకునేటప్పుడు ట్యాగ్ చెయ్యి. కథ నచ్చలేదని రాసేటప్పుడు వద్దు, అది వాళ్లింటి గడప తొక్కి తిట్టినట్టే. నీ ఫొటో మార్ఫింగ్ చేస్తామని ఎవడైనా బెదిరిస్తే మెసేజ్ డిలీట్ చేయకు. స్క్రీన్‌షాట్ తీసి వెంటనే నాకో, మీ అమ్మకో చెప్పు. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేద్దాం. తిడతారని దాచుకోవద్దు, నిన్ను ఎవరూ ఏమీ అనకుండా నేను చూసుకుంటాను.

గురువారం వచ్చిందంటే రేటింగుల గొడవ. 'మా సీరియల్ నంబర్ వన్, మీది అట్టర్ ఫ్లాప్' అని రెండు వర్గాలు కొట్టుకుంటుంటే, మొన్న నువ్వూ దిగావు. ఆ లెక్క ఎలా వస్తుందో తెలుసుకో. బార్క్ సంస్థ ఎంచుకున్న కొన్ని ఇళ్లలో టీవీలకు మీటర్లు పెట్టి, వాళ్లు చూసినదాన్ని బట్టి అంచనా కడుతుంది. నీ హాస్టల్లో మీటర్ లేదు, జేజి ఇంట్లో లేదు. హ్యాష్‌ట్యాగ్ లక్షసార్లు కొట్టినా ఆ మీటరెక్కదు. కార్తీకదీపంలో 2022లో హీరో డాక్టర్ బాబునీ, వంటలక్క దీపనీ ప్రమాదంలో చనిపోయినట్టు చూపించి, పిల్లలు పెద్దవాళ్లయ్యారని కథ ముందుకి జరిపారు. జనం గోలపెట్టారు. కొన్ని నెలలకే ఇద్దర్నీ మళ్లీ తీసుకొచ్చారు. అది అభిమానుల గెలుపు అంటావు నువ్వు. సీరియల్ తీసేవాళ్లను కదిలించింది టీవీ కట్టేసిన జనం అని నా నమ్మకం. పక్క సీరియల్ హీరోయిన్‌ని తిట్టినందువల్ల మాత్రం కాదు. గురువారం పోస్ట్ పెట్టడమే మానేయి.

నీ పేజీలో నాకు బాగా నచ్చేది జేజి మాటలు. ఎపిసోడ్ చూస్తూ ఆమె అనే మాటలకు మాటల రచయితలు కూడా సరిపోరు. కానీ ఆమెని అడిగి పెట్టు. తను మనవరాలితో మాట్లాడుతున్నానని అనుకుంటుంది, వేలమంది వింటున్నారని ఆమెకి తెలియదు. వీడియో చూపించి, ఇంతమంది చూస్తారని చెప్పి, సరేనంటేనే పెట్టు. వద్దంటే అక్కడితో ఆపేయి. ఎపిసోడ్ ముక్కలు కోసి పెట్టడం కన్నా ఇదే నయం. ఆ ముక్కల మీద హక్కు ఛానల్‌ది. యూట్యూబ్‌లో అయితే 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే నీ ఛానలే పోతుంది.

'ప్రమోషన్ చేస్తే డబ్బిస్తాం' అన్న రమ్మీ, బెట్టింగ్ యాప్‌ల వాళ్లకు అసలు జవాబే ఇవ్వకు. 2025లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రచారం చేసినవాళ్లకు కూడా రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. కువైట్ నుంచి ఇంటికి పంపాల్సిన డబ్బు నీ పేజీలో చూసిన లింకుతో పోయిందంటే నువ్వు తట్టుకోలేవు, నాకు తెలుసు. చీరల షాపువాళ్లు అడిగితే చెయ్యి, కాకపోతే అది ప్రకటన అని పైనే స్పష్టంగా రాయి.

రాత్రి పదిన్నర తర్వాత పేజీ తెరవద్దు. కువైట్ అక్కలకు జవాబులు పొద్దున ఇచ్చినా సంతోషిస్తారు. సెమిస్టర్ పరీక్షలకు వారం ముందే 'పరీక్షలు, పేజీకి సెలవు' అని చెప్పి పెట్టు, చూసేవాళ్లు ఎక్కడికీ పోరు. పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే రెండంచెల లాగిన్ పెట్టుకో, పాస్‌వర్డ్ ఎంత స్నేహితురాలైనా ఇవ్వకు.

దసరాకి ప్రొద్దుటూరు వస్తున్నావు కదా. కామెంట్లలో దాచాల్సిన మాటల జాబితా ఇద్దరం కూర్చుని పూర్తిచేద్దాం. ఛార్జర్ మర్చిపోకు.

ప్రేమతో,
మీ అత్త